నిద్రలో ఆక్సిజన్ పడిపోతుంటే ఏ అంకెను నమ్మాలి?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. మా వారికి 51 ఏళ్ళు. సొంత వ్యానులో జీడిపిక్కల బస్తాలు పలాస ఫ్యాక్టరీలకు తోలుతుంటారు. ఆయనకు గురక మొదటి నుంచీ ఉంది కానీ, ఏడాదిగా గురక మధ్యలో ఊపిరి ఆగిపోయి, కాసేపటికి ఉక్కిరిబిక్కిరై మళ్ళీ అందుకుంటున్నారు. బీపీకి రెండు రకాల మాత్రలు వాడుతున్నా అదుపులోకి రావడం లేదు. కరోనా రోజుల్లో కొన్న ఆక్సిమీటరు ఇంట్లో ఉంటే మొన్న రాత్రి నిద్రలో ఆయన వేలికి పెట్టాను. ఊపిరి ఆగినప్పుడు 95 చూపించింది. తీరా ఆయన గట్టిగా ఊపిరి తీసుకున్నాక 84కు పడిపోయింది. భయపడి లేపితే మళ్ళీ 96. పొద్దున్న చూస్తే 98. మిషను పాడైందని ఆయన, జీడి రసంతో వేళ్ళు నల్లబడి ఉంటాయి కాబట్టి తప్పు చూపుతోందని మా అత్తగారు అంటున్నారు. మందుల షాపతను రాత్రిపూట ఆక్సిజన్ కాన్సంట్రేటరు పెట్టుకోమన్నాడు. మా ఆడపడుచు ఇంట్లో ఒకటి ఖాళీగా ఉంది. మా అబ్బాయి బెంగళూరు నుంచి స్మార్ట్ వాచీ పంపిస్తానంటున్నాడు. ఏ అంకెను నమ్మాలి? పరీక్షకు విశాఖపట్నం వెళ్ళక తప్పదా? మిషను ఏదైనా పెట్టుకోమంటే మా దగ్గర కరెంటు పోతుంటుంది కదా, అప్పుడెలా?
— ఒక సోదరి, పర్లాకిమిడి

సమాధానం: అమ్మా, మీరు చూసిన 84 నిజమే అయ్యుండాలి, పొద్దున్న చూసిన 98 కూడా నిజమే. మిషను పాడైందనుకోవడానికి మీ ఉత్తరంలో నాకు ఏ ఆధారమూ కనిపించలేదు. పైగా, ఊపిరి అందుకున్న తర్వాతే అంకె పడిందని మీరు గమనించి రాసిన ఆ ఒక్క మాటే అది సరిగ్గా పనిచేస్తోందనడానికి మంచి సాక్ష్యం. అయితే ఆ రెండు అంకెల్లో దేన్ని పట్టుకున్నా మీ వారి రాత్రి ఎలా గడుస్తోందో తెలియదు. అది తెలియాలంటే రాత్రి పొడుగునా ఆక్సిజన్ నమోదు కావాలి, దానితోపాటు ఊపిరి ఎలా సాగిందో కూడా నమోదు కావాలి. ఈలోగా రెండు మాటలు ఈ రోజే చెప్పాలి. ఆడపడుచు గారింటి కాన్సంట్రేటరును తెప్పించకండి. పరీక్ష జరిగి వైద్యం మొదలయ్యేదాకా మీ వారిని రాత్రిపూట వ్యాను తోలనివ్వకండి. ఎందుకో వివరంగా రాస్తాను.

ముందుగా మిమ్మల్ని తికమక పెట్టిన ఆ ఆలస్యం సంగతి చూద్దాం. నిద్రలో గొంతు వెనక భాగంలోని కండరాలు సడలుతాయి. ఆ దారి ముందే ఇరుకుగా ఉన్నవాళ్ళలో అది మూసుకుపోతుంది. ఛాతీ, పొట్ట గాలి కోసం పెనుగులాడుతూనే ఉంటాయి కానీ గాలి లోపలికి వెళ్ళదు. కనీసం 10 సెకన్లు ఇలా ఆగితే వైద్యులు దానిని ఒక ఆప్నియాగా లెక్కవేస్తారు. నిద్రలో ఇది పదే పదే జరిగే జబ్బే స్లీప్ ఆప్నియా. 30, 40 సెకన్లు ఆగడం మామూలే, కొందరిలో నిమిషం దాటుతుంది కూడా. ఊపిరి ఆగిన క్షణంలో ఊపిరితిత్తుల్లో ఇంకా కొంత గాలి నిలవ ఉంటుంది కాబట్టి రక్తంలో ఆక్సిజన్ వెంటనే తగ్గదు. తగ్గిన తర్వాత కూడా ఆ రక్తం ఊపిరితిత్తుల నుంచి గుండెకు, గుండె నుంచి చేయి మీదుగా వేలి కొసకు చేరాలి. ఆపైన ఆక్సిమీటరు కొన్ని సెకన్ల కొలతలను సగటు కట్టి గానీ అంకెను చూపదు. ఇవన్నీ కలిసి 10 నుంచి 30 సెకన్ల దాకా ఆలస్యమవుతుంది. అంటే మీ వారి ఊపిరి ఆగి ఉన్నప్పుడు మీరు చూసిన 95 అంతకు ముందటి ఊపిరిది. ఆయన గట్టిగా ఊపిరి తీసుకున్నాక కనిపించిన 84, ఆగిపోయిన ఊపిరిది. మీరు లేపిన తర్వాత వచ్చిన 96 మెలకువది. ఇంత స్పష్టంగా వరుస కుదిరిన అంకెలను పాడైన మిషను చూపదు.

ఆ చిన్న మిషను చేసే పని ఇది. వేలికి ఒకవైపు నుంచి 660 నానోమీటర్ల ఎర్ర కాంతిని, 940 నానోమీటర్ల పరారుణ కాంతిని పంపి, రెండోవైపున ఎంత వచ్చిందో చూస్తుంది. ఆక్సిజన్ మోస్తున్న హీమోగ్లోబిన్ పరారుణ కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది, ఆక్సిజన్ వదిలేసిన హీమోగ్లోబిన్ ఎర్ర కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. అయితే వేలిలో రక్తంతోపాటు చర్మం, ఎముక, గోరు కూడా ఉన్నాయి కదా, వాటి లెక్క ఎలా తీసేయాలన్నది చాలాకాలం తేలలేదు. జపాన్‌లో నిహోన్ కోడెన్ సంస్థ ఇంజనీరు తకువో అయోయాగి 1974లో దానికి దారి చూపారు. నాడి కొట్టుకున్నప్పుడల్లా మారే కాంతి భాగం ధమని రక్తానిదేనని, మారని భాగం మిగతా కండదని విడదీసి, ఆ మారే భాగాల నిష్పత్తి నుంచి ఆక్సిజన్ శాతాన్ని లెక్కగట్టారు. అందుకే ఆక్సిమీటరుకు నాడి దొరకడం ప్రాణం. చేతులు చల్లబడి నాడి సరిగా అందకపోయినా, వేలు కదిలినా, చేయి ఒంటికింద నలిగినా అంకె నమ్మదగినది కాదు. తెర మీద నాడి గీత సమంగా కొట్టుకుంటూ ఉన్నప్పుడు కనిపించిన ఆక్సిజన్ అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

ఇక 84 అంటే ఎంత ప్రమాదం అని మీరు అడగలేదు కానీ, మీ భయం వెనుక ఉన్న ప్రశ్న అదేనని తెలుస్తోంది. రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడికి, ఈ శాతానికి మధ్య సంబంధం తిన్నగా సాగే గీత కాదు. మన వైపు ఘాటీ రోడ్డు లాంటిది: పైన చాలా దూరం చదునుగా పోయి, ఒకచోట నుంచి ఒక్కసారిగా దిగుడు మొదలవుతుంది. రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి 100 మిల్లీమీటర్ల నుంచి 60కి పడిపోయినా శాతం 98 నుంచి 90కే తగ్గుతుంది; అక్కణ్ణుంచి మరో 15 మిల్లీమీటర్లు తగ్గితే చాలు, 80కి జారిపోతుంది. అందుకే వైద్యులు 90ని ఒక హద్దుగా పెట్టుకుంటారు. ఒక్కసారి, కొన్ని సెకన్లపాటు 84 పడడం వల్ల ఆ రాత్రికి ఏమీ కాదు. కానీ అది గంటకు ఎన్నిసార్లు పడుతోంది, మొత్తం ఎన్ని నిమిషాలు 90 కింద ఉంటోంది అన్నదాన్ని బట్టే గుండె మీద, రక్తనాళాల మీద పడే భారం ఉంటుంది. ఊపిరి ఆగి తిరిగి వచ్చిన ప్రతిసారీ శరీరం ఉలిక్కిపడినట్టు నాడి, రక్తపోటు ఒక్కసారిగా ఎగుస్తాయి. రాత్రుళ్ళు ఇలా గడిచే మనిషికి రెండు మాత్రలతోనూ బీపీ అదుపులోకి రాకపోవడంలో నాకు ఆశ్చర్యం లేదు. లొంగని బీపీ ఉన్నవాళ్ళలో స్లీప్ ఆప్నియా కోసం వెతకడం వైద్యంలో ఇప్పుడు తప్పనిసరి జాగ్రత్త.

మంచం పక్కన కూర్చుని అప్పుడప్పుడు ఆక్సిమీటరు పెట్టి చూడడం ఎందుకు చాలదో ఇప్పుడు చెబుతాను. వేలికి క్లిప్పు పెట్టగానే మనిషి కాస్త కదులుతాడు, నిద్ర పలచబడుతుంది, ఊపిరి సర్దుకుంటుంది, మంచి అంకె కనిపిస్తుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు ఉన్న ఇబ్బంది పక్కకు తిరిగితే సగానికి సగం తగ్గేవాళ్ళు చాలామంది ఉంటారు. అన్నిటికంటే ముఖ్యం, కలలు వచ్చే నిద్ర దశలో ఒంటి కండరాలన్నీ బాగా సడలిపోతాయి, అప్పుడే ఊపిరి ఎక్కువసేపు ఆగుతుంది, ఆక్సిజన్ ఎక్కువ లోతుకు పడుతుంది. ఆ దశ తెల్లవారుజాము వైపే ఎక్కువగా వస్తుంది. మీరు చూసింది ఏ పదకొండు గంటల వేళో అయితే, అసలు సంగతి 4, 5 గంటల మధ్య మీరు నిద్రలో ఉన్నప్పుడు జరుగుతూ ఉండవచ్చు.

దీనికి రికార్డింగ్ ఆక్సిమీటరు అనే వేరే పరికరం ఉంది. మణికట్టుకు వాచీలా కట్టుకుంటే, అక్కడి నుంచి ఒక వైరు వేలికి తొడిగిన మెత్తటి రబ్బరు తొడుగులోకి వెళుతుంది. కొన్ని రకాల్లో అది ఉంగరంలా ఉంటుంది. రాత్రంతా కొన్ని సెకన్లకొకసారి ఆక్సిజన్‌ను, నాడిని తనలో రాసుకుని, పొద్దున్న కంప్యూటరులోకో ఫోనులోకో ఇస్తుంది. మీ ఇంట్లో ఉన్న క్లిప్పు మిషను ఏదీ దాచుకోదు, అది ఉన్న క్షణాన్ని చూపి మరిచిపోతుంది. రికార్డింగ్ పరికరాల్లోనూ ఒక తేడా చూసుకోవాలి. కొలతలను 3 సెకన్లకు మించి సగటు కట్టని పరికరమైతే చిన్న పతనాలు కూడా కనిపిస్తాయి. 10, 15 సెకన్లు సగటు కట్టే పరికరంలో అవి చదునై, ఉన్న జబ్బు తక్కువగా కనిపిస్తుంది. పరీక్ష చేసేవాళ్ళను ఈ మాట నిస్సంకోచంగా అడగండి.

స్లీప్ ఆప్నియా గట్టిగా ఉన్న మనిషి రాత్రి నమోదును కాగితం మీద చూస్తే చదువు రానివాళ్ళకైనా తేడా తెలుస్తుంది. తెల్లవారుజాము 4 గంటల 10 నిమిషాల దగ్గర గీత 95 మీద ఉంటుందనుకోండి. అక్కణ్ణుంచి అర నిమిషంలో 93, 90, 86, 82 అంటూ నిదానంగా వాలుతుంది. ఊపిరి అందగానే పది సెకన్లలో నిట్టనిలువుగా 95కి లేస్తుంది. దాని కింద గీసిన నాడి గీత అదే క్షణంలో 62 నుంచి 88కి ఎగిరి మళ్ళీ దిగుతుంది. నిమిషం తిరగకముందే మళ్ళీ అదే వాలు, అదే లేవడం. కాగితం మొదటి నుంచి చివరి వరకూ ఇలా రంపపు పళ్ళలా సాగిపోతుంది. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళ గీత ఇలా ఉండదు. వాళ్ళకు పళ్ళు లేకుండా గీత మొత్తం 88 దగ్గరో 89 దగ్గరో గంటల తరబడి కిందనే నడుస్తుంది. రెండు జబ్బులూ ఉన్నవాళ్ళకు కింద నడిచే గీత మీదే రంపపు పళ్ళు కూడా కనిపిస్తాయి. ఒక్క ఆకారాన్ని బట్టే వైద్యుడికి ఇంత తెలుస్తుంది కాబట్టి, రిపోర్టు తీసుకునేటప్పుడు అంకెలున్న పేజీతో సరిపెట్టుకోకుండా గీతలున్న పేజీలను కూడా అడిగి తీసుకోండి.

అంకెల పేజీలో మీరు చూడవలసినవి ప్రధానంగా రెండే. గంటకు ఎన్నిసార్లు ఆక్సిజన్ 3 లేదా 4 పాయింట్లు పడిందో చెప్పేదాన్ని ఓడీఐ అంటారు. 4 పాయింట్ల లెక్కలో అది గంటకు 5 లోపు ఉంటే మామూలు, 15 దాటితే జబ్బు ముదిరిందని గట్టిగా అనుమానించాలి. మూడు పాయింట్ల లెక్కా, నాలుగు పాయింట్ల లెక్కా అన్నది రిపోర్టులో రాసి ఉంటుంది, అది చూడకుండా రెండు రిపోర్టులను పోల్చకూడదు. రెండోది, నిద్రించిన సమయంలో ఎంత శాతం 90 కింద గడిచిందన్నది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఇది దాదాపు సున్నా. అన్నిటికంటే తక్కువకు పడిన అంకె కూడా రాసి ఉంటుంది, అందరి కళ్ళూ మొదట దానిమీదే పడతాయి. కానీ నా అనుభవంలో అది అంత నమ్మదగినది కాదు, వేలు ఒక్క క్షణం కదిలినా అక్కడ 60 అని పడుతుంది. పైగా 70 కంటే తక్కువ అంకెల్లో ఈ పరికరాల కొలత కచ్చితత్వాన్ని సరిచూసి ఉండరు. 70 నుంచి 100 మధ్యలో కూడా రెండు మూడు పాయింట్లు అటూ ఇటూ ఉండడం సహజం.

ఇంతవరకు చదివి, అయితే ఆ పరికరం ఒకటి అద్దెకు తెచ్చి పెడితే సరిపోతుంది కదా అనుకుంటారు. అది మంచి మొదటి మెట్టే కానీ, దానితో ఆగకూడదు. ఆక్సిజన్ ఎంత పడిందో అది చెబుతుంది, ఎందుకు పడిందో పూర్తిగా చెప్పలేదు. గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిందా, ఊపిరి తీయమని మెదడు నుంచి ఆజ్ఞే రాకపోవడం వల్ల ఆగిందా అన్నది తేలాలంటే గాలి ప్రవాహాన్ని, ఛాతీ పొట్టల కదలికను కూడా చూడాలి. ఈ రెండింటికీ వైద్యం వేరు. ఇంకో సంగతి మరీ ముఖ్యం. రాత్రి ఆక్సిజన్ నమోదు బాగానే ఉన్నంత మాత్రాన స్లీప్ ఆప్నియా లేదని కాదు. సన్నగా ఉన్నవాళ్ళలో, వయసులో ఉన్నవాళ్ళలో ఆక్సిజన్ పడేలోపే మెదడు లేపేస్తుంది. వాళ్ళ గీత అందంగా 95 మీదే నడుస్తుంది, నిద్ర మాత్రం ముక్కలు ముక్కలవుతుంది, పగలంతా తూగుతుంటారు. అటువంటివాళ్ళు ఆక్సిమీటరు రిపోర్టు చూపించి తమకు ఏమీ లేదని ఇంటికి వెళ్ళిపోవడం నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం.

అందుకని కావలసింది స్లీప్ స్టడీ. ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకోబెట్టి మెదడు తరంగాలు, కంటి కదలికలు, గుండె, కండరాలు, ఊపిరి, ఆక్సిజన్ అన్నీ నమోదు చేసే పూర్తి పరీక్ష ఒకటి. ఇంట్లోనే చేసే చిన్న పరీక్ష మరొకటి. అందులో ముక్కు దగ్గర గాలిని పసిగట్టే సన్నని గొట్టం, ఛాతీకి పొట్టకు బెల్టులు, వేలికి ఆక్సిమీటరు ఉంటాయి. మీ వారిలా గురక, ఊపిరి ఆగడం, లొంగని బీపీ కలిసి ఉండి, గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, పక్షవాతం వంటివి లేనివాళ్ళకు ఇంటి పరీక్ష సరిపోతుంది. ఊపిరి పూర్తిగా ఆగినవీ, బాగా తగ్గినవీ కలిపి గంటకు ఎన్నో లెక్కగట్టి ఇస్తారు. 5 నుంచి 15 లోపు అయితే స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30, ఆపైన తీవ్రం.

విశాఖపట్నమే వెళ్ళాలని లేదు. మీకు పాతపట్నం దాటితే శ్రీకాకుళం దారి, ఇటు బరంపురం దారి రెండూ ఉన్నాయి. బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల మీ ఊరి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు పెట్టుకున్నదే. మీ వైపు నుంచి వెళ్ళేవాళ్ళకు అది కొత్తచోటు కాదు. శ్రీకాకుళంలోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి, విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి కూడా ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళినా ముందు ఫోను చేసి, ఛాతీ వ్యాధుల విభాగంలో ఇంటికి ఇచ్చే స్లీప్ స్టడీ పరికరం ఉందా, ఏ రోజున ఇస్తారు, తిరిగి ఎప్పుడు అప్పగించాలి అన్నవి కనుక్కుని బయలుదేరండి. ఊరికే వెళ్ళి తిరిగి రావడం వ్యాను మీద బతికే కుటుంబానికి ఒక రోజు సంపాదన పోగొట్టుకోవడమని నాకు తెలుసు. వెళ్ళేటప్పుడు మీ ఫోనులో ఆయన గురకను, ఊపిరి ఆగి మళ్ళీ అందుకోవడాన్ని వినిపించేలా రెండు మూడు నిమిషాల వీడియో తీసి పట్టుకెళ్ళండి. అది చూసిన వైద్యుడికి సగం ప్రశ్నలు అడగవలసిన అవసరం ఉండదు. వాడుతున్న బీపీ మాత్రల పట్టీలు కూడా తీసుకెళ్ళండి.

మీ అత్తగారి సందేహం తీసిపారేయవలసినది కాదు. కాంతి వేలిలోంచి పోవాలి కాబట్టి గోరు మీద, చర్మం మీద ఉన్న నల్లటి మరక కొలతకు అడ్డు రావచ్చు. దాన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పగలు ఆయన మెలకువగా కూర్చుని ఉండగా, జీడి రసం బాగా పట్టిన కుడిచేతి బొటనవేలికి, అంతగా పట్టని ఎడమచేతి ఉంగరపు వేలికి ఒకదాని తర్వాత ఒకటి ఆక్సిమీటరు పెట్టి, అంకె నిలకడగా వచ్చేదాకా ఒక్కోదానికి ఒక నిమిషం ఆగి చూడండి. రెండూ ఒకటిగానో ఒక పాయింటు తేడాతోనో వస్తే మరక పెద్దగా అడ్డు రావడం లేదన్నమాట. తేడా ఎక్కువగా ఉంటే రాత్రి పరీక్షకు శుభ్రంగా ఉన్న వేలినే ఎంచుకోవాలి. ఎలాగూ బస్తాలు ఎత్తి కాయలు కాచిన వేళ్ళకంటే ఎడమచేతి ఉంగరపు వేలు నయం. అసలు మరక వల్లనే తప్పు వచ్చేటట్టయితే అది మెలకువలోనూ తప్పే చూపాలి. పొద్దున్న 98, రాత్రి ఊపిరి ఆగిన తర్వాత మాత్రమే 84 చూపదు. ఆడవాళ్ళు అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాను, ఎర్రగా పండిన గోరింటాకు పెద్ద తేడా తీసుకురాదు, నల్ల మెహందీ, ముదురు రంగు గోళ్ళరంగు తేడా తీసుకురావచ్చు.

మరక కంటే నేను ఎక్కువగా పట్టించుకునేవి వేరే ఉన్నాయి. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్ళలో ఆక్సిమీటరు ఉన్నదానికంటే కాస్త ఎక్కువ అంకె చూపించే అవకాశం ఉందని 2020లో అమెరికాలో వెలువడిన పరిశోధన తర్వాత ప్రపంచమంతా గుర్తించింది. ఎండలో తిరిగే మన మనుషులకు ఇది వర్తిస్తుంది. తెర మీద 91 ఉంటే నిజంగా అంతకంటే తక్కువే కావచ్చునని మనసులో ఉంచుకోవాలి. చుట్ట, బీడీ తాగేవాళ్ళ రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హీమోగ్లోబిన్ ఉంటుంది, ఈ మిషను దాన్ని ఆక్సిజన్ ఉన్నదానిగానే లెక్కవేస్తుంది, కాబట్టి వాళ్ళకూ అంకె మెరుగ్గా కనిపిస్తుంది. గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోనూ, అటు మహారాష్ట్ర సరిహద్దున గడ్చిరోలి వైపునా సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ళలో ఆక్సిమీటరు అంకెకు, రక్తంలోని అసలు ఆక్సిజన్‌కు పొంతన కుదరకపోవచ్చు. మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే మీ వారికీ రక్తపరీక్ష చేయించి, ఆ సంగతి స్లీప్ స్టడీ చేసే వైద్యుడికి ముందే చెప్పాలి. కోరాపుట్ వంటి ఎత్తు ప్రాంతాల నుంచి ఈ ప్రశ్న వచ్చి ఉంటే ఎత్తు గురించి కూడా చెప్పేవాణ్ణి. అక్కడి 870 మీటర్ల ఎత్తుకు కూడా తగ్గేది ఒకటి రెండు పాయింట్లే, పర్లాకిమిడిలో ఆ మాట అవసరమే లేదు.

మీ అబ్బాయి పంపుతానన్న స్మార్ట్ వాచీ వద్దనను, కానీ దాని మీద ఆధారపడి నిర్ణయాలు తీసుకోకండి. మణికట్టు దగ్గర కాంతి చర్మంలోంచి అవతలికి పోదు, వెనక్కి తిరిగి వచ్చిన కాంతినే వాచీ చదువుతుంది. అక్కడ నాడి బలహీనం, చేయి కదిలితే కొలత చెదురుతుంది. చాలా వాచీలు రాత్రంతా ఎడతెగకుండా కొలవవు, మధ్య మధ్య కొలుస్తాయి. ముప్పై సెకన్ల పతనం రెండు కొలతల మధ్య పడిపోతే అది వాచీకి జరగనట్టే. వాచీలో తక్కువ అంకెలు కనిపిస్తే పరీక్షకు త్వరపడండి. మంచి అంకెలు కనిపిస్తే మాత్రం పరీక్ష మానుకోకండి. ఆ డబ్బుతో అబ్బాయి మీ ఇద్దరికీ బరంపురం ప్రయాణం ఏర్పాటు చేసి, ఆ రోజు తానూ వచ్చి వెంట ఉంటే నాకు ఇంకా సంతోషం.

కాన్సంట్రేటరు గురించి కాస్త గట్టిగానే రాయాలి, ఎందుకంటే కరోనా తర్వాత సరిహద్దు ఊళ్ళలో చాలా ఇళ్ళలో అది మూలన పడి ఉంది, ఆక్సిజన్ తగ్గిందనగానే అందరికీ అదే గుర్తుకు వస్తోంది. మీ వారి ఇబ్బంది గాలిలో ఆక్సిజన్ చాలకపోవడం కాదు, గాలి వెళ్ళే దారి మూసుకుపోవడం. ముక్కు దగ్గర ఎంత ఆక్సిజన్ పెట్టినా మూసుకున్న గొంతు తెరుచుకోదు. ఊపిరితిత్తుల్లో నిలవ పెరుగుతుంది కాబట్టి ఆక్సిమీటరు అంకె అంత కిందికి పడదు, మీరు చూసి నిశ్చింతగా నిద్రపోతారు. కానీ ఆక్సిజన్ తగ్గడమే శరీరానికి మేలుకొలుపు కాబట్టి, అది ఆలస్యమై ఊపిరి ఇంకా ఎక్కువసేపు ఆగవచ్చు, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకోవచ్చు. బాగా లావుగా ఉన్నవాళ్ళకు, పొగతాగి ఊపిరితిత్తులు చెడినవాళ్ళకు ఇది ప్రమాదకరం. 2014లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్ళకు కొందరికి రాత్రిపూట ఆక్సిజన్, కొందరికి సీపాప్ మిషను (మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతును తెరిచి ఉంచేది) ఇచ్చి చూస్తే, సీపాప్ వాడినవాళ్ళకే రక్తపోటు తగ్గింది, ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్ళకు తగ్గలేదు. మీ మందుల షాపతను మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు. అయినా పరీక్ష లేకుండా, వైద్యుడు రాయకుండా రాత్రి ఆక్సిజన్ పెట్టకండి. ఇంట్లో బీడీ, దీపం, పొయ్యి ఉన్నచోట ఆక్సిజన్ గొట్టం అగ్నిప్రమాదానికి కూడా కారణమవుతుంది.

వ్యాను మాట ఆయనకు మీరు చెబితే కోపం రావచ్చు కాబట్టి ఈ ఉత్తరమే చదివి వినిపించండి. అయ్యా, మీకు స్టీరింగు ముందు కళ్ళు మూతపడ్డ సందర్భం ఒక్కటైనా ఉంటే, పలాసలో బస్తాలు దించుతుండగా కూర్చున్నచోటే నిద్ర పట్టేస్తుంటే, అది ఎండ వల్లనో వయసు వల్లనో అనుకోకండి. రాత్రి వందల సార్లు ఊపిరి కోసం లేచిన మనిషికి పగటి నిద్ర ఆపుకోవడం సాధ్యం కాదు, ఎంత అనుభవం ఉన్న డ్రైవరైనా సరే. వైద్యం మొదలై తూగు తగ్గేదాకా పగటిపూటే, వీలైతే పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని, తక్కువ దూరాలే తోలండి. నిద్ర వస్తున్నట్టు ఉంటే పూర్తిగా మానేయండి. పడుకునే ముందు సారా గానీ మరే మద్యం గానీ తాగకండి, అది గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తుంది, నిద్రమాత్రలూ అంతే. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోండి. బరువు ఎక్కువగా ఉంటే దాన్ని తగ్గించుకోవడం నిజంగా పనిచేస్తుంది, కానీ అది నెలల పని, పరీక్షను దానికోసం వాయిదా వేయకండి.

ఇవి చేస్తూ ఉండగా, పగలు మెలకువగా కూర్చున్నప్పుడే అంకె తరచుగా 94 దాటకపోతుంటే స్లీప్ స్టడీ తేదీ కోసం ఆగకుండా వైద్యుణ్ణి కలవండి, అప్పుడు ఊపిరితిత్తుల్లోనో గుండెలోనో వేరే ఇబ్బంది ఉండే అవకాశం ఉంది. 90 కిందకు వచ్చినా, పెదాలు నీలంగా మారినా, ఛాతీలో నొప్పి వచ్చినా, లేపితే సరిగా లేవలేక అయోమయంగా మాట్లాడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

పరీక్షలో జబ్బు తేలితే వైద్యుడు బహుశా సీపాప్ మిషను రాస్తారు. ఆస్ట్రేలియాలో కాలిన్ సలివాన్ అనే వైద్యుడు 1981లో ప్రకటించిన పద్ధతి ఇది. గదిలోని మామూలు గాలినే కొంత ఒత్తిడితో మాస్కు ద్వారా పంపి గొంతు మూసుకోకుండా నిలబెడుతుంది, ఆక్సిజన్ కలపవలసిన అవసరం చాలామందికి రాదు. రాత్రి ఆక్సిజన్ నమోదు నిజంగా ఎంతో ఉపయోగపడేది ఈ దశలోనే. మిషను పెట్టుకున్న కొన్ని వారాల తర్వాత మళ్ళీ ఒక రాత్రి రికార్డింగ్ ఆక్సిమీటరు పెట్టి చూడాలని అడగండి. మొదటి కాగితం మీద ఉన్న రంపపు పళ్ళు పోయి గీత సమంగా నడిస్తే ఒత్తిడి సరిపోయిందన్నమాట. పళ్ళు ఇంకా ఉంటే మాస్కు పక్కనుంచి గాలి పోతోందో, ఒత్తిడి చాలడం లేదో చూడాలి. పళ్ళు పోయినా గీత మొత్తం 90 కిందనే నడుస్తుంటే, అప్పుడు ఆక్సిజన్ కలపాలా, వేరే రకం మిషను కావాలా అన్నది వైద్యుడు నిర్ణయిస్తారు. కాన్సంట్రేటరుకు పని ఉంటే అది అక్కడ, ఆ పరీక్ష తర్వాత.

కరెంటు గురించి మీరు అడిగింది చాలా అవసరమైన ప్రశ్న. గాలిని తడిచేసి వేడిచేసే భాగాన్ని ఆపివేస్తే సీపాప్ మిషను సీలింగ్ ఫ్యాను కంటే ఎక్కువ కరెంటు తీసుకోదు, కాబట్టి ఇంట్లో మామూలు ఇన్వర్టరు ఉంటే రాత్రి గడిచిపోతుంది. ఇన్వర్టరు లేకపోతే ఆ మిషనుకే సరిపడే చిన్న బ్యాటరీలు దొరుకుతాయి, కొనేటప్పుడే అడగండి. రాత్రి మధ్యలో కరెంటు పోయి మిషను ఆగితే మాస్కులోనే ఊపిరాడక ఇబ్బందవుతుందని భయపడనక్కరలేదు. ముక్కుకు మాత్రమే పెట్టే మాస్కు అయితే నోటితో ఊపిరి తీసుకోవచ్చు, ముక్కు, నోరు కలిపి కప్పే మాస్కుకు గాలి ఆగగానే బయటి గాలికి తెరుచుకునే కవాటం ఉంటుంది. అలా ఆగినప్పుడు మాస్కు తీసేసి, కరెంటు వచ్చేదాకా పక్కకు తిరిగి పడుకోమనండి.